పద్దెనిమిది నిమిషాలు

మా అమ్మ తన ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒకే ఒక్క అబద్ధం ఆడింది. పన్నెండు నిమిషాలైనప్పుడు అరగంట అయిందని చెప్పింది. ఆ పద్దెనిమిది నిమిషాల వల్లే నా ముక్కు వంకరపోయిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ వాటివల్ల ఒక మంచి డాక్టరు తన చెయ్యి పాడైపోయిందని నమ్మి కత్తి పక్కన పెట్టేశారు. అది మాత్రం ఖాయం. ఆయనకు నిజం చెప్పాలా వద్దా అని అమ్మ ఎనిమిదేళ్లు లోపల్లోపలే కొట్టుకుంది. ఆమె పోయి రెండేళ్లయింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

అమ్మ ఆపరేషన్ థియేటర్లో సిస్టర్. ముక్కులు సరిచేసే డాక్టరు గారి పక్కన నిలబడి, ఆయన అడగకముందే కావలసిన పనిముట్టు చేతికి అందించడం ఆమె పని. ముక్కు ఆపరేషన్ అంటే అందం కోసమే అనుకుంటారు జనం. అమ్మవాళ్ల ఆసుపత్రికి అలా వచ్చేవాళ్లు తక్కువ. యాక్సిడెంట్లలో ముఖం పగిలినవాళ్లు, పుట్టుకతోనే పెదవి చీలిన పిల్లలు, ఊపిరాడక నోరు తెరుచుకుని పడుకునేవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లుంటారు. మా అమ్మ బస్సెక్కితే ఎదుటి సీట్లో వాళ్ల ముక్కులో ఎముకలు లెక్కపెట్టేది. "ఆ కిటికీ పక్కనాయన్ని చిన్నప్పుడు ఎవరో గుద్దారు," అని నా చెవిలో చెప్పేది. నేను తిరిగి చూడబోతే తొడమీద గిల్లేది.

ముక్కు ఎలా నిలబడుతుందో నాకు వంటింటి స్టూలు చూపించి నేర్పింది. "ముక్కు కొన మూడు కాళ్ల స్టూలే చిట్టీ. రెండు కాళ్లు అటూ ఇటూ పక్కలకి పోతాయి. మూడోది మధ్యలో, పెదవి వైపు దిగుతుంది. మధ్య కాలు కురచైతే కొన కిందికి వాలుతుంది. పక్క కాళ్లు కురచైతే పైకి లేస్తుంది. స్టూలు వెనకాల గోడ ఒకటుంటుంది, రెండు రంధ్రాలకీ మధ్య గోడ. ఆ గోడ కూలిందా, ఏ కాలూ నిలబడదు."

కాళ్లకీ గోడకీ మధ్య సన్నటి కట్లు ఉంటాయట. ఆపరేషన్ చెయ్యాలంటే వాటిలో కొన్నింటిని తెంచక తప్పదు. తెంచినవాళ్లు బదులుగా ఇంకో ఆసరా నిలబెట్టి రావాలి. నిలబెట్టకపోతే ఆ రోజుకేమీ తెలియదు. వాపు తగ్గాక, ఏడాదికి, కొన మెల్లగా జారిపోతుంది. లోపలి ఆసరా తెలుసుకోవడానికి డాక్టరు గారు బొటనవేలితో కొనను నొక్కి వదులుతారు. చటుక్కున లేచిందంటే గట్టిగా ఉన్నట్టు. అమ్మ రోజూ పొద్దున్నే నాకు ఆ పరీక్ష చేసి "స్ప్రింగు బాగుంది" అనేది. మిగతా పిల్లలకు వాళ్లమ్మలు ముద్దులు పెట్టేవారు.

నా పదకొండో ఏట మేముండే ఆసుపత్రి క్వార్టర్స్ వెనక ప్రహరీగోడ ఎక్కాను. ఎక్కొద్దని అమ్మ వందసార్లు చెప్పిన గోడ. ముఖం నేలకు కొట్టుకునేలా పడ్డాను. రక్తం బయటికి రాలేదు, అదే కొంప ముంచింది. ముక్కు దిబ్బడేసింది. దెబ్బలు పడతాయన్న భయంతో జలుబని చెప్పాను. పొద్దున్న అమ్మ నొక్కబోతే నొప్పి భయంతో తప్పించుకుని బడికి పరుగెత్తాను. నాలుగు రోజులు అలా నెట్టుకొచ్చాను. మా ఇంట్లో అబద్ధం మొదలుపెట్టింది నేనే, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజు జ్వరం వచ్చింది. అమ్మ నన్ను పట్టుకుని కూర్చోబెట్టి కొన మీద వేలు పెట్టింది. కొన లోపలికి దిగింది, తిరిగి లేవలేదు. అమ్మ నన్ను అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది. పడ్డ రోజున మధ్య గోడకు రెండు వైపులా రక్తం గూడుకట్టి, చీము పట్టి, గోడను తినేసిందని తర్వాత తెలిసింది. మొదటి రోజే చెప్పి ఉంటే చిన్న గాటు పెట్టి రక్తం తీసేసేవారు. ఆసుపత్రిలో అందరూ దీపం కిందే చీకటన్నారు. అమ్మ అవునంది. నా పేరు ఎక్కడా ఎత్తలేదు.

ఎదిగే పిల్లకు ముక్కు కట్టకూడదు, ఎదుగుదల ఆగాక చేద్దామన్నారు డాక్టరు గారు. ఎనిమిదేళ్లు ఆగాం. ఆ ఎనిమిదేళ్లూ నేను చప్పిడిముక్కుదాన్ని. నాకు ముక్కు మీద కోపమని టీచర్లనేవారు. కోపం నిలబడటానికి అక్కడ ముక్కుంటే కదా అని వెనక బెంచీవాళ్లు నవ్వేవారు. నేను వాళ్లకంటే గట్టిగా నవ్వి, ఇంటికొచ్చి తలుపేసుకునేదాన్ని. నాన్న దూరాలు తిరిగే బస్సుకు డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజుల్లో నా గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

కూలిన గోడకు బదులు, గుడిసె మధ్యలో నిలబెట్టే నిట్రాడ లాంటిదొకటి కావాలి. దానికి పక్కటెముక చివరి మెత్తటెముక ముక్క తీసుకుని చెక్కుతారు. ఆ మెత్తటెముకకో గుణముంది. చెక్కిన వెంటనే బుద్ధిమంతురాలిలా నిటారుగా ఉంటుంది. దాని అసలు బుద్ధి కాసేపటికి గానీ బయటపడదు. లోపల పట్టి ఉన్న బిగువు ఒకవైపు తెగి ఒకవైపు మిగిలితే, మెల్లగా వంగుతుంది. అందుకని డాక్టరు గారు ఎప్పుడూ రెండు ముక్కలు చెక్కి, ఉప్పునీళ్ల గిన్నెలో వేసి, అరగంట కదలకుండా నిలబడేవారు. వంగనిదే ముక్కులోకి వెళ్లేది. ఆ అరగంట లెక్క అమ్మది. గోడ గడియారం ఆయన వీపు వైపు ఉండేది. "ఎంతయింది సిస్టర్?" అని అడిగేవారు. ఇరవయ్యారేళ్లలో ఆమె చెప్పిన లెక్కను ఆయన ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. తోటి సిస్టర్లు ఆమెను గడియారమ్మ అనేవారు. ఆ పేరంటే అమ్మకు లోలోపల గర్వం.

సొంతవాళ్ల ఆపరేషన్లో ఎవరూ లోపల ఉండకూడదని రూలుంది. ఆ వారం ఇంకో సిస్టరు సెలవులో ఉంది. "లెక్క నేను తప్ప ఎవరు చూస్తారు సార్? బయట కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది," అని అమ్మ బతిమాలింది. ఆయన సరేనన్నారు. ఇక్కడి నుంచి జరిగింది అమ్మ నోటి వెంట విన్నదే. నేను మత్తులో ఉన్నాను.

ముక్కు చర్మం పైకి లేపి మడిచి, కొక్కేలతో పట్టి ఉంచారు. వేల ముక్కుల్ని అలా చూసిన మనిషి ఆ రోజు నా ముఖం వైపు చూడలేక గిన్నె వైపే చూస్తూ నిలబడింది. గిన్నెలో రెండు ముక్కలూ నిటారుగా ఉన్నాయి. మత్తు డాక్టరు, ప్రెషర్ కొంచెం తగ్గింది గానీ పర్లేదన్నాడు. పర్లేదన్న మాట అమ్మ చెవికి ఎక్కలేదు. ఎంత త్వరగా మూసేస్తారా, ఎంత త్వరగా నేను కళ్లు తెరుస్తానా అన్నదొక్కటే ఆమె తలలో ఉంది. "ఎంతయింది సిస్టర్?" అన్నారు డాక్టరు గారు. పన్నెండు నిమిషాలైంది. "అరగంటయింది సార్," అంది అమ్మ. ఆ మాట తను అనుకోకముందే నోట్లోంచి వచ్చేసిందని చెప్పింది. ఆయన మొదటి ముక్క తీసి, వెలుగులో తిప్పి చూసి, లోపల నిలబెట్టి కుట్టేశారు.

ఆపరేషనయ్యాక పనిముట్లు కడగడం అమ్మ వంతు. గిన్నెలో మిగిలిన రెండో ముక్కను చేతిలోకి తీసుకుంది. అది వంగి ఉంది. రెండూ ఒకే ఎముకలోంచి చెక్కినవి. డాక్టరు గారు ఇంకా బట్టలు మార్చుకునే గదిలోనే ఉన్నారు. వెళ్లి చెబితే అప్పుడే మళ్లీ తెరిచి చూసేవారు. అమ్మ ఆ ముక్కను చెత్తబుట్టలో వేసి, పైన గుడ్డలు కప్పింది.

మొదటి ఏడాది నా జీవితంలో బంగారం లాంటిది. ముక్కుతో ఊపిరి పీల్చి నిద్రపోవడం ఎలా ఉంటుందో నాకు పంతొమ్మిదో ఏట తెలిసింది. ఫోటోలకు ముక్కు కనపడేలా పక్కకు తిరిగి నిలబడేదాన్ని. ఏడాది దాటాక కొన ఎడమవైపు ఒరగడం మొదలుపెట్టింది. ఇంకో ఆరు నెలలకు కుడి రంధ్రం మూసుకుపోయింది. ముక్కు లేనప్పుడు పడ్డ బాధ వేరు. ఇచ్చి లాక్కుంటే పడే బాధ వేరు.

డాక్టరు గారు చూశారు. నొక్కారు, వదిలారు, పాత ఫోటోలు పక్కన పెట్టుకున్నారు. "చెక్కడంలో ఒకవైపు ఎక్కువ పోయింది. నా చెయ్యి తప్పిందమ్మా. ఇంకో మంచి డాక్టరు దగ్గరికి పంపిస్తాను," అన్నారు. నేను వెళ్లనన్నాను. ఇంకెవరి కత్తీ నా ముఖం మీద పడటానికి వీల్లేదన్నాను. గదిలోంచి బయటికొచ్చి, బెంచీల మీద కూర్చున్న పేషెంట్లందరికీ వినపడేలా, "చెయ్యి వణికే ముసలాయన దగ్గరికొచ్చారు, మీ ముక్కులు జాగ్రత్త," అన్నాను. తలుపు తెరిచే ఉంది. ఆయన రాసుకుంటున్న కాగితం మీదినుంచి తలెత్తలేదు. పక్కన ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ అమ్మ నావైపు చూసింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, ఏమీ అనలేదు. నా పక్షమే కాబోలనుకుని ఇంకా రెచ్చిపోయాను. కనపడ్డ ప్రతివాళ్లకూ చెప్పాను. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నారు జనం.

ఆ తర్వాత ఆయన పాత పేషెంట్ల ఫోటోలన్నీ తెప్పించుకుని ఒక్కొక్కదాన్లో తప్పు వెతకడం మొదలుపెట్టారు. తప్పులు వెతికేవాడికి తప్పులకేం కొదవ. మూడు నెలలకు ఆపరేషన్లు మానేశారు. యాభై తొమ్మిదేళ్లు ఆయనకప్పుడు. ఇంకో మూడేళ్లు అమ్మనే సాయం పెట్టుకుని ఓ.పి.లో కూర్చుని పేషెంట్లను చూసి, వేరే ఊళ్లకు చీటీలు రాసి పంపించి, చివరికి అదీ వదిలేసి ఇంట్లో కూర్చున్నారు. అమ్మ మాత్రం రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. ఇంట్లో నవ్వడం తగ్గించింది. బస్సుల్లో ఎవరి ముక్కులూ చూడటం మానేసింది. వయసు మీద పడుతోందనుకున్నాం.

ఆమె రిటైరైన నెలలో ఒక మధ్యాహ్నం ఇద్దరం ఉతికిన దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నాం. నాకు జలుబు చేసి, ఉన్న ఒక్క రంధ్రమూ మూసుకుపోయి చిరాగ్గా ఉంది. మామూలుగానే, "ఆ ముసలాయన పుణ్యం ఇది," అన్నాను. అమ్మ తన కొస వదిలేసింది.

"ఆయన కాదు. ఇంక ఆయన్ని అనకు. నేను," అంది.

అంతా చెప్పింది. వంగిన రెండో ముక్క సంగతి కూడా దాచలేదు. నేను మొదట నమ్మలేదు. నమ్మాక నోటికొచ్చిన మాటలన్నీ అన్నాను. ముక్కు పోయిందని కాదు నా ఏడుపు. బెంచీల ముందు నన్ను అంతమాట అననిచ్చి, చూస్తూ నిలబడింది కదా అని. ఆరేళ్లుగా ఊరంతా తిరిగి ఒక నిర్దోషిని తిట్టాను కదా అని. అమ్మ గోడకానుకుని వింటూ కూర్చుంది.

"నువ్వు నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదో అప్పట్లో నాకర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొదటి రోజు చెప్పకపోతే రెండో రోజు నోరు పెగలదు," అంది చివరికి.

అది నిజం కాబట్టే నాకింకా కోపమొచ్చింది. ఆ రోజు నుంచి ఒకటే పాట పట్టుకున్నాను. ఆయనకు చెప్పు. ఆయన చెయ్యి మంచిదని ఆయనకు తెలియాలి.

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందే," అనేది అమ్మ. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆయన ప్రశాంతంగా ఉన్నారంట."

"నీ పరువు కోసం ఆయన్ని అలాగే ఉంచేస్తావా?" అనేదాన్ని నేను.

"రేపు వెళ్దాం," అనేది. ఆ రేపు నెల రోజులు రాలేదు. ఒక ఆదివారం నేనే చీర తీసి మంచం మీద పెట్టి, కట్టుకోమన్నాను. పిల్లని బడికి తోలినట్టు తోలుకెళ్లాను.

డాక్టరు గారి ఇంట్లో ముందు గది చిన్నది. ఆయన మమ్మల్ని చూసి సంతోషంగా లేచి, కుర్చీల మీది పేపర్లు తీశారు. ఆయన భార్య కిటికీ దగ్గర కూర్చుని దిండు గలీబు కుడుతోంది. సూదిలోంచి దారం జారిపోతే, తలెత్తకుండానే సూదీ దారం ఆయన వైపు చాపింది. ఆయన మాతో మాట్లాడుతూనే వెలుగు వైపు పట్టి, ఒక్కసారికే ఎక్కించి ఇచ్చేశారు. నేను చూశాను. అమ్మ కూడా చూసింది.

"సార్, అమ్మాయి ఆపరేషన్ రోజు మీరు ఎంతయిందని అడిగారు. నేను అరగంటన్నాను. పన్నెండు నిమిషాలేనండి అయింది."

"రెండో ముక్క?" అని ఆయన అడిగారు.

"గిన్నెలోనే వంగింది సార్. కడిగేటప్పుడు చూశాను."

"అంటే ఆ రోజే తెలుసు మీకు."

"తెలుసు సార్."

ఆయన భార్య కుట్టుపని పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మంచినీళ్లు తెస్తుందేమో అనుకున్నాను. మళ్లీ బయటికి రాలేదు.

"థియేటర్లో మీరన్న మాటకి నేనేమీ అనను సిస్టర్," అన్నారాయన. గొంతు పెంచలేదు. "తల్లిని లోపలికి రానిచ్చింది నేను, ఆ తప్పు నాది. అరగంట ఆగినా ఆ ముక్క నిటారుగానే ఉండేదేమో, తర్వాత వంగేదేమో, ఎవరికి తెలుసు. కానీ ఆ తర్వాత మూడేళ్లు ఓ.పి.లో నా పక్కనే నిలబడ్డారు. నా చెయ్యి బాగాలేదని ఎంతమందిని తిప్పి పంపానో మీకు తెలియదా? చీటీలు మీ చేతికే కదా ఇచ్చాను. ముఖం కాలిన ఆ పిల్ల గుర్తుందా? వాళ్ల నాన్న నా కాళ్లు పట్టుకున్నాడు."

"గుర్తుంది సార్."

"పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నాను. వెళ్లారో లేదో తెలియదు."

అమ్మ తల వంచుకుని కూర్చుంది. నాకు ఉండబట్టలేదు. అసలు మేమొచ్చింది ఆయనకొక మంచి మాట చెప్పడానికి కదా అనిపించింది.

"మీ చెయ్యి మంచిదేనండి. ఎప్పుడూ మంచిదే. అది మీకు తెలియాలనే నేను అమ్మని పట్టుబట్టి తీసుకొచ్చాను. నేనన్న మాటలకి క్షమించండి," అన్నాను.

ఆయన నా ముఖం కేసి, ముక్కు కేసి చూశారు. తర్వాత ఒళ్లో ఉన్న తన చేతుల్ని చూసుకున్నారు.

"చెయ్యి పోయిందని సర్దిచెప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టిందమ్మా. చాలా కష్టపడ్డాను. తర్వాత నిద్ర పట్టడం మొదలైంది. వయసు, ఎవరికైనా తప్పదు అనుకున్నాను. ఇప్పుడు నాకు అరవై అయిదు. నాకు థియేటరెవరూ ఇవ్వరు. ఇప్పుడొచ్చి చేతులు బాగానే ఉన్నాయంటున్నావు." ఆగి, నిజంగానే జవాబు కావాలన్నట్టు నన్నడిగారు. "వీటినిప్పుడు ఏం చేసుకోమంటావు?"

మేము లేచాం. ఆయన అలవాటు కొద్దీ గేటు దాకా వచ్చి సాగనంపారు. అమ్మ దణ్ణం పెట్టింది. ఆయన తిరిగి పెట్టారు. మేము వీధి మలుపు తిరిగేదాకా గేటు వేసిన చప్పుడు రాలేదు.

బస్సులో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎదుటి సీటు ఆవిడ ఏమైందని అడిగితే, జలుబని చెప్పాను. అమ్మ ఆ తర్వాత పదకొండు నెలలు బతికింది. ఆ పదకొండు నెలల్లో డాక్టరు గారి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వద్దు వద్దంటున్నా ప్రాణం తీసి, చీర కట్టించి తీసుకెళ్లింది నువ్వే కదే అని ఆమె నన్ను ఒక్క మాటైనా అంటుందని రోజూ ఎదురుచూశాను. ఒక్కసారి కూడా అనలేదు.